నచ్చిన చుట్ట

నాకు చుట్ట ఎంచడం వచ్చు. కాల్చడం రాదు. ఈ మాట అన్నప్పుడల్లా వినేవాళ్ళు నవ్వుతారు, ఏదో హాస్యానికి అన్నాననుకుని. నిరుడు హైదరాబాదులో ఒక సెమినార్ ముగిసిన రాత్రి భోజనాల దగ్గరా అలాగే నవ్వారు.

ఆ రాత్రి ఒక పెద్ద విమర్శకుడు, విదేశంలో ఉన్న కొడుకు పంపిన చెక్కపెట్టె తెరిచారు. లోపల వరసగా పడుకోబెట్టిన క్యూబా సిగార్లు. చుట్టూ నలుగురైదుగురు మగ అధ్యాపకులు. ఆయన క్లాసులో చెప్పినంత శ్రద్ధగా మొదలుపెట్టారు. సిగార్ లావుని అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు, 50 అంటే ముప్పాతిక అంగుళం కంటే కాస్త ఎక్కువ. లోపల నింపే ఆకు వేరు, దాన్ని పట్టి ఉంచే ఆకు వేరు, పైన చుట్టే ఆకు వేరు. మొక్క తలలో ఎండకి కాగిన ఆకు ఘాటు, నడిమి ఆకుది వాసన, అడుగాకు చక్కగా మండుతుంది. పెట్టెలో తేమ 70 శాతం దగ్గర నిలవాలి. కొత్తవాళ్ళు ఘాటు తక్కువదానితో మొదలుపెట్టాలి, చేతిలో ఎంత తీరిక ఉందో చూసుకుని పొడవు ఎంచుకోవాలి. ఇంతా చెప్పి, చివరికి ఎవరేమన్నా మీ నోటికి ఏది నచ్చితే అదే మంచి సిగార్ అని ముగించారు.

నేను కాఫీ కప్పు పట్టుకుని వెనక నిలబడి వింటున్నాను. ఆయన చూసి, "పొగ పడదేమో అమ్మా, కాస్త అటు జరగండి" అన్నారు, మర్యాదగానే. చెయ్యి చాపి ఆయన తీసి పెట్టుకున్న సిగార్‌ని వేళ్ళ మధ్య నొక్కి చూశాను. నడుమ ఒకచోట గట్టిగా ముడి తగిలింది. "ఇది లాగదు సార్, ఇంకోటి తీసుకోండి" అన్నాను. అప్పుడే అందరూ నవ్వింది.

ఆయన చెప్పినవన్నీ నిజమే. ఇంచుమించు అవే మాటలు నేను 2001లో, నా పదమూడో యేట, శ్రీకాకుళం జిల్లాలో వంశధారకి దగ్గరలో జరిగే ఒక బుధవారం సంతలో విన్నాను. చెప్పింది మా అమ్మమ్మ. ఆమెకి సంతకం రాదు. ఆ ఆఖరి మాట మాత్రం, నీ నోటికి ఏది నచ్చితే అదే మంచిదన్నది, ఆమెకి జన్మలో ఎవరూ చెప్పలేదు.

అమ్మమ్మ కాల్చేది అడ్డచుట్ట. ఉత్తరాంధ్ర బయట పెరిగినవాళ్ళకి ఇది కాస్త విడమరచి చెప్పాలి. చుట్టని ముందు అందరిలాగే ముట్టిస్తారు. రెండు దమ్ములు లాగి, నిప్పు బాగా అందుకున్నాక దాన్ని తిప్పి, మండే కొసని నోటి లోపలికి పెట్టుకుంటారు. చల్లటి కొస పెదాల మధ్య ఉంటుంది. బయటికి చుట్ట మొదలు కాస్త కనిపిస్తుంది, అంతే. పొగ ముక్కులోంచో పెదాల సందులోంచో సన్నగా వస్తుంది. అది నోట్లో ఉండగానే అమ్మమ్మ ఊడ్చేది, అలికేది, పక్కింటావిడతో పోట్లాడేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఇలా కాల్చినవాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు తగ్గింది గాని ముసలివాళ్ళలో పోలేదు.

చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగానో, నిప్పు లోపల పెట్టుకుంటావెందుకని. అడిగిన ప్రతిసారీ ఒక్కో కారణం చెప్పేది. "ఊడుపులప్పుడు రెండు సేతులకీ బురదే. వానా గాలీ. నిప్పు బైటుంటే నిలుస్తాదేటి?" అనేది ఒకసారి. చంకలో పిల్ల ఉంటే బూడిద పిల్లమీద రాలకుండా అని ఇంకోసారి. పన్నుపోటుకి వేడి హాయిగా ఉంటుందని మరోసారి. ఒకనాడు మాత్రం, బాగా ఆలోచించి, "లోపలుంటే ఎవులికీ కనబడదు కదేటే గుంటా" అంది. నా థీసిస్ తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. వాటిలో ఏది కనబడనిచ్చారు, ఏది దాచుకున్నారు అని మూడువందల పేజీలు రాశాను. ఆ మూడువందల పేజీల్లో అమ్మమ్మ మాట ఎక్కడా లేదు. పెట్టాలని తోచను కూడా లేదు.

2001లో అమ్మమ్మ కళ్ళకి శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ అయ్యేదాకా ఆకు రంగు పోల్చుకోలేకపోయింది. అందుకని ఎండాకాలం సెలవుల్లో నన్ను సంతకి తీసుకుపోయేది. కళ్ళు నావి, ముక్కు ఆమెది. పొగాకు కట్టలు గోనెపట్టా మీద పరిచి ఉండేవి. మొదట ఆకు అంచు వేళ్ళతో నలిపించేది. పొడిపొడిగా రాలిపోతే అతిగా ఎండిందన్నమాట, అలాంటిది చుట్టలేం. చల్లగా, బరువుగా తగిలితే తూకం కోసం నీళ్ళు చిలకరించారన్నమాట, అది మూడురోజుల్లో బూజు పడుతుంది. మడిస్తే మడత నిలవాలి, విరగకూడదు. తర్వాత ఈనె. నడిమి ఈనె లావుగా ఉంటే డబ్బంతా కాడకే పోతుంది. అడుగాకు మీద వేలు రాస్తే ఇసుక తగులుతుంది, వాన పడ్డప్పుడు నేలమీంచి చిందిన ఇసుక. తలాకు ముదురు రంగు, జిగురుగా ఉంటుంది. "తలాకు మొగోలకి. ఒక్కటి కాలిస్తే మద్దినేల దాకా తల తిరుగుద్ది. మనకి పనుండదేటి?" ఆమెకి కావలసింది నడుమాకు.

ఆఖరి పరీక్ష నాకు ఎంతో ఇష్టం. ఆకు కొసని చిన్న ముక్క తుంపి, దుకాణంవాడి చుట్ట నిప్పుకే అంటించమనేది. నిప్పు ఆకు మీద మెల్లగా, ఆగకుండా పాకి, వెనక తెల్లటి నుసి నిలబడితే మంచి ఆకు. నల్లగా మాడి మధ్యలోనే ఆరిపోతే కట్ట అవతల పడేసేది. "ఉప్పునేల ఆకు. మండదు. లాగీ లాగీ దవడలు నొప్పెడతాయి." చాలా ఏళ్ళ తర్వాత చదివాను, నేలలో, నీళ్ళలో క్లోరైడ్ ఎక్కువైతే పొగాకు సరిగ్గా మండదని. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధనకే ఒక జాతీయ సంస్థ పెట్టారు. అలాంటి చోట్ల ప్రయోగశాలల్లో కొలిచే సంగతిని మా అమ్మమ్మ సంతలో నేలమీద కూర్చుని తేల్చేసేది. దుకాణంవాడు విసుక్కునేవాడు. నాలుగు కట్టలు కెలికి పావు కట్ట కొనే ముసలమ్మ అంటే ఎవడికి ముద్దు? అయినా ఆమె తీసిపెట్టిన కట్టలోంచే వెనక వచ్చిన ఆడవాళ్ళు కొనుక్కోవడం నేను చూశాను.

ఇంటికొచ్చి తనే చుట్టుకునేది. ఈనె చీల్చి తీసేసి, ముక్కలాకు లోపల సర్ది, మచ్చలేని ఆకుని పైన వాలుగా చుట్టి, కొసని నూలుదారంతో కట్టేది. అడ్డచుట్ట బిగువుగా ఉండాలి, వదులైతే నిప్పురవ్వ నాలిక మీద రాలుతుంది. మరీ బిగిస్తే గాలి ఆడదు. ఆ బిగువు ఎంతో మాటల్లో చెప్పడం ఆమె వల్ల కాలేదు. నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నొక్కి చూపించింది. నిరుడు హోటల్లో ఆ సిగార్‌ని నొక్కింది ఆ వేళ్ళే.

అమ్మమ్మ జీవితంలో తన ఇష్టానికి తను ఎంచుకున్నవి ఏమున్నాయని ఒకసారి కూర్చుని లెక్క వేశాను. పెళ్ళి పదమూడో ఏట, సంబంధం తండ్రి కుదిర్చాడు. చీరలు తాతయ్య తెచ్చేవాడు, ఏడాదికి రెండు, రంగు ఆయనిష్టం. పిల్లల పేర్లు అత్తగారు పెట్టింది. కూర ఏం వండాలన్నది తాతయ్య ఆరోగ్యాన్ని బట్టి, తర్వాత మామయ్య కోపాన్ని బట్టి. కూలిడబ్బులు ఇంటికొచ్చేలోపు కొంగుముడిలో మిగిలే చిల్లరతో ఆమె కొనుక్కున్నది పొగాకు. ఆ ఒక్కదాంట్లో మాత్రం బేరం తనదే, వద్దనడం తనదే, ఇంకో కట్ట చూపించమనడం తనదే. "బాగోనేదు" అన్న మాట ఆమె నోట ధైర్యంగా వినిపించిన చోటు ఆ గోనెపట్టా ముందే.

మా అమ్మ టీచరు. ఆమెకి చుట్టంటే అసహ్యం కంటే భయం ఎక్కువ. తోటి టీచర్లు ఇంటికొస్తారంటే చుట్టల డబ్బా బియ్యం డ్రమ్ము వెనక్కి పోయేది, అమ్మమ్మ పెరట్లోకి పోయేది. చదువుకున్న మొదటి తరం ఆడపిల్లకి, చుట్ట కాల్చే తల్లి ఉండటం అంటే ఎక్కడినుంచి వచ్చిందో గోడ మీద రాసిపెట్టినట్టు. అమ్మని నేను అప్పట్లో చాలా తిట్టుకున్నాను. ఇప్పుడు అంత తేలిగ్గా తిట్టలేను.

ఎందుకంటే నేను చేసిన పని ఇంకా నవ్వొచ్చేది. 2010లో యూనివర్సిటీ హాస్టల్లో మేం కొంతమందిమి సిగరెట్లు కాల్చడం మొదలుపెట్టాం. మెస్ ముందు, అందరూ చూసేలా. జార్జ్ సాండ్ 19వ శతాబ్దంలో పదిమందిలో సిగార్ కాల్చిందని, అమెరికన్ కవి ఏమీ లోవెల్ చేతిలో ఎప్పుడూ చుట్ట ఉండేదని మా క్లాసుల్లో చెప్పుకునేవాళ్ళం. అది తిరుగుబాటని చెప్పుకునేవాళ్ళం. ఆ సెలవుల్లో ఊరికెళ్ళినప్పుడు పెరట్లో ఒకటి ముట్టించాను, అమ్మమ్మకి నా ధైర్యం చూపిద్దామని. ఆమె పక్కన కూచుని కాసేపు చూసి, "కాయితం కాలుస్తన్నావేటే గుంటా?" అంది. తన చుట్ట తీసి చూపించి, "ఆకున్నాక కాయితవెందుకు?" అని పడీపడీ నవ్వింది. నా తిరుగుబాటు ఆమెకి కల్తీసరుకులా కనిపించింది. అప్పుడు నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, సాండ్ చుట్ట తిరుగుబాటు ఎలా అయింది, మా అమ్మమ్మ చుట్ట పాడలవాటు ఎలా అయింది అన్న ప్రశ్న ఆ నవ్వులోనే ఉంది. సాండ్‌ని చూసి ఉలిక్కిపడటానికి ఒక సమాజం ఉంది. మా ఊళ్ళో అమ్మమ్మని చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు, ఎందుకంటే పొలంలో పనిచేసే ఆడదాని నోట్లో ఏముందో ఎవరూ చూడలేదు.

మేం చదివిన సాహిత్యం చూసిందా? నేను పీజీలో కన్యాశుల్కం చదివాను, తర్వాత పాఠం చెప్పాను. 1892లో తొలి ప్రదర్శన, 1909లో తిరగరాసిన కూర్పు, అన్నీ బోర్డు మీద రాయిస్తాను. గిరీశం వల్ల తనకి అబ్బిన చదువల్లా చుట్ట కాల్చడమేనని వెంకటేశం వాపోయే చోట క్లాసంతా నవ్వుతుంది. ఆ చుట్ట మీద ఎన్ని వ్యాసాలు వచ్చాయో! ఆ నాటకం మొదలయ్యేది మా అమ్మమ్మ ఊరికి పెద్ద దూరం కాని విజయనగరంలోనే. ఆ చుట్టుపక్కల పొలాల్లో నిప్పుని నోట్లో దాచుకుని నాట్లు వేసిన ఆడవాళ్ళ గురించి ఆ క్లాసులో నేను ఎన్నడూ ఒక్క ముక్క మాట్లాడలేదు. షెర్లాక్ హోమ్స్ కూడా అంతే. 1890 నాటి సైన్ ఆఫ్ ఫోర్‌లో, 140 రకాల పొగాకుల బూడిదని గుర్తుపట్టడం మీద పుస్తకం రాశానని గొప్ప చెప్పుకుంటాడు. అందులో ఉదాహరణగా చెప్పే ఇండియన్ లంకా అన్నది మన గోదావరి లంకల చుట్టే. ఆ మాట 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. నుసి చూసి ఆకు చెప్పే మనిషిని లండన్‌లో మేధావి అన్నారు.

ఆ లంక పొగాకు సంగతి చెప్పకుండా ఉండలేను. గోదావరి వరద తీశాక లంకల్లో మిగిలిన ఒండ్రులో పండే ఆకు అది. గుంటూరు, ప్రకాశం వైపు సిగరెట్ల కోసం పండించే వర్జీనియాని బేరన్లలో వేడికి కాలుస్తారు, దీన్ని అలా కాల్చరు, ఆరబెట్టి మాగనిస్తారు. 2012లో రాజమండ్రి సెమినార్‌కి పోయినప్పుడు ఒక కట్ట లంక చుట్టలు కొన్నాను. అమ్మమ్మ నేర్పిన పరీక్షలన్నీ పెట్టి, దుకాణంవాణ్ణి విసిగించి మరీ. ఊరికి తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. వాసన చూసి కళ్ళు మూసుకుంది. ఒకటి ముట్టించి, తిప్పి పెట్టుకుని, కాసేపటికి తీసేసింది. "బాగున్నాదే. మెత్తగున్నాది. కానీ ఇది కూకున్నోల సుట్ట" అంది. కూర్చుని, పడక్కుర్చీలో వాలి, తీరిగ్గా కాల్చేవాళ్ళ చుట్ట. లావెక్కువ, నోట్లో పట్టదు, నిప్పు అంగిలికి తగులుతుంది. మిగతావి మామయ్యకి ఇచ్చేసింది. చేతిలో ఎంత తీరిక ఉందో చూసుకుని ఎంచుకోవాలని హోటల్లో పెద్దాయన అన్నప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. తీరికే లేనివాళ్ళ రుచి ఎలా ఉంటుందో ఆయన పాఠంలో లేదు.

2014లో అమ్మమ్మకి కారం తగిలితే మంట మొదలైంది. ముందు అంగిలి పొక్కిందనుకున్నాం. నేను బ్యాటరీ లైటు వేసి చూశాను. అంగిలంతా తెల్లగా, పాత గోడకి సున్నం పొర కట్టినట్టు, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు, ఒకచోట చిన్న పుండు. విశాఖలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరు చూడగానే ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు నాకు జ్ఞాపకం ఉంది. విద్యార్థుల్ని పిలిచారు. పదిమంది కుర్రాళ్ళు, అమ్మాయిలు వరసగా వచ్చి ఆమె నోట్లోకి వంగి చూశారు. ఒకరు ఫోటో తీశారు. "నోరు ఇంకా తెరువు, ఇంకా" అన్నారు. ఆమె పేరు ఎవరూ అడగలేదు. ఏ ఆకు, రోజుకెన్ని, ఎన్నేళ్ళనుంచి అని అడిగారు. ఏ ఆకు అన్నప్పుడు అమ్మమ్మ నోరు మూసి, ఉత్సాహంగా, నడుమాకు గురించి చెప్పబోయింది. కాయితం మీద టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయారు.

ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ కాదు, ఆ దారిన పడుతోందన్నారు. మామూలుగా చుట్ట కాల్చేవాళ్ళకి గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం అరుదు, అడ్డపొగ కాల్చేవాళ్ళకి అక్కడే వస్తుంది. నేను రీసెర్చ్ చేసే అలవాటు కొద్దీ ఆ నెలంతా లైబ్రరీలో అదే వెతికాను. 1957లోనే కోస్తాంధ్ర అంగిలి క్యాన్సర్ గురించి, నోట్లో పెట్టుకునే నిప్పు గురించి మన డాక్టర్లు రాశారు. 1971లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో పిండ్‌బర్గ్, మెహతా, వాళ్ళ సహచరులు మన రాష్ట్రంలోని 10,169 మంది పల్లెజనం అంగిళ్ళు పరీక్షించి రాసిన వ్యాసం వచ్చింది. తర్వాత పొగాకు మాన్పించే ప్రయత్నాలు శ్రీకాకుళం జిల్లా ఊళ్ళలో ఏళ్ళ తరబడి జరిగాయి. మండే కొస లోపల ఉన్నప్పుడు అంగిలి వేడి 58 డిగ్రీల దాకా పోతుందని కొలిచినవాళ్ళున్నారు. ఇదంతా నేను పుట్టకముందు సంగతి. 10,169 నోళ్ళు తెరిపించి చూసిన ఆ శ్రద్ధకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను, ఆ శ్రద్ధ వల్లే అమ్మమ్మ మచ్చ ఏమిటో డాక్టరు చూడగానే చెప్పగలిగాడు. అయినా ఆ పట్టికలు చదువుతున్నంతసేపూ నాకు ఒకటే ధ్యాస. ఈ నోళ్ళలో ఎన్ని నడుమాకుని కోరుకున్నాయో, ఎన్ని "బాగోనేదు" అన్నాయో.

మానిపించే పని నామీద పడింది. "నువ్వు చదువుకున్నదానివి, నీ మాటయితే వింటాది" అంది అమ్మ. ఏళ్ళ తరబడి హైదరాబాదు నుంచి, రాజమండ్రి నుంచి చుట్టలు మోసుకొచ్చింది నేనేనని కూడా అంది. అది నిజం. నాకు జవాబు లేదు. మా మిత్రుల బృందంలో ఈ సంగతి చెప్పుకున్నప్పుడు ఒకరు, అది ఆమె ఒళ్ళు, ఆమె ఎంపిక, కాదనడానికి నువ్వెవరు అన్నారు. ఇంకొకరు, పేదరికం నోట్లో పెట్టినదాన్ని ఎంపిక అంటావా అన్నారు. రెండూ నేను ఇంకెవరి గురించైనా అయితే వ్యాసాల్లో రాసి ఉండేదాన్నే. అమ్మమ్మకి ఉన్న ఒకే ఒక్క ఇష్టం ఆమె అంగిలిని కాల్చేసింది. ఈ రెండు సంగతుల్నీ ఒకేసారి ఎలా పట్టుకోవాలో ఆ చర్చలో ఎవరికీ తెలియలేదు, నాకసలే తెలియలేదు.

మొదట ఒక పిరికి రాజీకి పోయాను. కాల్చు, కానీ నిప్పు బయట పెట్టుకో అన్నాను. రెండురోజులు ప్రయత్నించింది. "మొగోల సుట్టలాగున్నాదే. గాలికే సగం పోతంది, నాకేటుంది?" అని మళ్ళీ తిప్పేసింది. అప్పుడు నేను ఏడ్చాను. ఆసుపత్రిలో ఫోటో తీసినప్పుడు రాని ఏడుపు. అద్దం తెచ్చి, లైటు వేసి, ఆమె అంగిలిని ఆమెకే చూపించాను. అంతదాకా ఆమె నోరు అందరూ చూశారు, ఆమె తప్ప. చాలాసేపు చూసుకుంది. ఆకు చూసినట్టే చూసుకుంది, అటు తిప్పి, ఇటు తిప్పి. "మాడిపోనాదే" అంది. చుట్టల డబ్బా నా చేతికిచ్చింది.

ఒక్కరోజులో మానేసిందని రాస్తే బాగుంటుంది గాని అలా జరగలేదు. చిరాకు, నిద్రలేమి, అందరి మీదా అరుపులు. నాలుగు నెలల తర్వాత మా తాతయ్య తమ్ముడు పోయినప్పుడు, శవం లేచాక, పెరట్లో ఆడవాళ్ళ మధ్య కూచుని ఒకటి కాల్చింది. ఇంకో రెండుసార్లు నాకు తెలిసి, తెలియనివెన్నో. ఏడాదికి పూర్తిగా ఆగింది. తెల్లమచ్చలు చాలావరకు పలచబడ్డాయి, పుండు మానింది. 2020లో ఆమె పోయింది, గుండెతో, నిద్రలో.

సంతకి పోవడం మాత్రం ఆమె మానలేదు. చూపు తిరిగొచ్చింది కదా, నా కళ్ళతో పనిలేదు, అయినా నేనుంటే నన్ను వెంటబెట్టుకుని పోయేది. ఆకు దుకాణం ముందు ఆగి, నలిపి, వాసన చూసి, ఏ కట్ట ఎలాంటిదో చెప్పి కదిలేది. సిగరెట్ పెట్టెల మీద, బీడీ కట్టల మీద 2009 నుంచి భయపెట్టే బొమ్మలు వేస్తున్నారు. సంతలో గోనెపట్టా మీది విడి ఆకుకి ఏ బొమ్మా ఉండదు.

2016లో ఒక బుధవారం పొరుగింటి కోడలు మాతో వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. జీడిపప్పు బట్టీలో పని. పన్నుపోటుకని అత్తగారి చుట్ట రెండు దమ్ములు లాగడం మొదలుపెట్టిందట, ఇప్పుడు తనకంటూ కొనుక్కోవాలనుకుంటోంది. "మామ్మా, నీకు తెల్సినట్టు ఊర్లో ఎవులికి తెల్దంట. నాకో కట్ట ఏరి పెట్టవా" అంది. అమ్మమ్మ ముఖం ఎలా విప్పారిందో నేను చూశాను. కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది. మొదటి కట్ట నలిపి పక్కన పెట్టింది. రెండోది తీసింది. మడిచింది, విప్పింది, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచింది. కొస తుంపి నిప్పుకి అంటించింది. మూడోది, నాలుగోది. తర్వాత చేతులు దులుపుకుని లేచింది.

"నేదే అమ్మా. ఈ వారం ఆకు బాగోనేదు. ఉప్పు పట్టీసింది."

"ఏటి మామ్మా, నువ్వు మానీసి నా బేరం సెడగొడతన్నావేటి?" అని దుకాణంవాడు గొడవపెట్టుకున్నాడు. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని గాజుల దుకాణం వైపు పోయింది. వచ్చే వారం చూద్దాంలే అని అమ్మమ్మ వెనకనుంచి కేకేసింది.

తిరిగొస్తుంటే దారిలో అడిగాను. రెండో కట్ట నేనూ నలిపి చూశాను, నిప్పు పాకడమూ చూశాను, నుసి తెల్లగా నిలబడింది. "అమ్మమ్మా, రెండోది బాగానే ఉంది కదా?"

"బాగుండకేటి" అంది. "నడుమాకు."

కొంగు నెత్తిమీదికి లాక్కుని, "బేగి నడు, ఎండెక్కిపోతంది" అంటూ ముందుకి పోయింది.